నలభైకి నలభై

నా తోడల్లుడు వంశీధర్ మీద నాకున్నది అసూయ అని ఒప్పుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది. అంతకు ముందు దానికి చాలా పేర్లు పెట్టుకున్నాను. వృత్తి ధర్మం అన్నాను, శాస్త్రీయ దృక్పథం అన్నాను, ఒకసారి దేశభక్తి అని కూడా అన్నాను. మా ఆవిడ హైమ మాత్రం మొదటినుంచీ దాన్ని కడుపుమంట అనే అంటుంది.

మా అత్తగారు వర్ధనమ్మగారింట్లో వెండి గ్లాసు ఒకే ఒక్కటి ఉంది. నెలకో ఆదివారం మల్కాజిగిరిలో ఆవిడ ఇంట్లో అందరం భోజనానికి చేరతాం. పెద్దల్లుణ్ణి కాబట్టి పెళ్ళయిన నాటినుంచీ ఆ గ్లాసుతో మంచినీళ్ళు నా కంచం పక్కనే పెట్టేవారు. ట్యాంకులకు ఉక్కు కవచం తయారుచేసే ప్రయోగశాలలో నేను ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. నా పని గురించి ఎవరూ టీవీలో చెప్పరు. గుండు తగిలి లోపలి మనిషి బతికితే అది వార్త కాదు కదా.

వంశీ బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో డ్రోన్లు చేస్తాడు. కడుపు కింద చిన్న బాంబు కట్టుకుని ఎగిరి, తనే దాన్తో పాటు పేలిపోయే చవక డ్రోన్లు. ఒక్కోటి మోటారుసైకిలు కంటే తక్కువ ఖరీదు. ఒక టీవీ చానెల్ వాళ్ళు వాడి షెడ్డుకు వెళ్ళి అరగంట కార్యక్రమం చేశారు. "ట్యాంకుల కాలం చెల్లింది" అని కింద పెద్దక్షరాలు వేశారు. ఆ తర్వాతి ఆదివారం వెండి గ్లాసు వంశీ కంచం పక్కన ఉంది. నా దగ్గర స్టీలు గ్లాసు ఉంది. అమ్మకు అందులో ఏ ఉద్దేశమూ లేదని హైమ ఇంటికొచ్చే దారంతా చెబుతూనే ఉంది. ఉద్దేశం లేకపోతే గ్లాసు దానంతటది నడిచి వెళ్ళిందా అని అడిగాను.

అత్తగారి కష్టం ఆవిడకుంది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు శ్రీకర్, ఇంట్లో బుజ్జి, సైన్యంలో ట్యాంకు నడిపించే దఫేదారు. సరిహద్దులో గొడవలు ముదిరినప్పటినుంచీ వాడి ట్యాంకు అక్కడే ఉంది. ఇంట్లో ఒకల్లుడు ట్యాంకును కాపాడే వస్తువు చేస్తాడు, ఇంకో అల్లుడు ట్యాంకును పేల్చే వస్తువు చేస్తాడు, కొడుకేమో ఆ ట్యాంకులో కూర్చుంటాడు. ఆ ఆదివారం ఆవిడ వంశీకి పప్పు వడ్డిస్తూ, అవి మన బుజ్జి వైపు రావుగదా బాబూ అని అడిగారు.

"నావి రావండీ," అన్నాడు వంశీ. "కానీ ఇలాంటివి అవతలివాళ్ళూ చేసుకుంటున్నారండి."

అబద్ధం చెప్పడు వెధవ. నాకు వాడిలో అన్నిటికంటే ఒళ్ళుమండేది అదే.

నేను ఊరుకోలేదు. భోజనాల దగ్గరే డ్రోన్ల లోపాలన్నీ ఏకరువు పెట్టాను. గట్టిగాలి వస్తే దారి తప్పుతుంది, వానొస్తే కళ్ళు కనపడవు, ముందు వైపు మందపాటి ఉక్కు మీద పడితే పెచ్చు కూడా ఊడదు, పైమూతో ఇంజను జాలీయో వెతుక్కుని సరిగ్గా అక్కడే పడాలి. వంశీ అన్నిటికీ తలూపి, అందుకే పది పంపిస్తారన్నయ్యా, తొమ్మిది పోయినా ఒకటి వెతుక్కుంటుంది అన్నాడు. అన్నయ్యా అనడం, వినయంగా అనడం, నిజం అనడం, మూడూ ఒకేసారి చేశాడు.

ఆ ఒక్కదాని కోసమే మా ప్రయోగశాలలో నేను "ఒళ్ళు" మొదలుపెట్టాను. అరచేయంత పలకలు వేలకొద్దీ ట్యాంకంతా అతికిస్తాం. ప్రతి పలకకూ ఒక చెవి ఉంటుంది, కింద చిన్న మందు, దాని మీద గుప్పెడు ఇనప గుళ్ళు ఉంటాయి. డ్రోను మీదికి దూకే ఆఖరి రెండు క్షణాల్లో దాని మోటారు చప్పుడు విని, ఎక్కడ పడబోతోందో ముందే పసిగట్టి, ఆ చోటి పలక ఎదురు పేలుతుంది. పసిపిల్లలు పడి లేచి నడక నేర్చుకున్నట్టు అది దెబ్బలు తినే నేర్చుకుంటుంది. అందుకని దాన్ని కొట్టడానికి ఎవరో ఒకరి డ్రోన్లు కావాలి. మంజూరైన జాబితాలో ఉన్న తయారీదారు ఒక్కడే. ఎవడో చెప్పక్కర్లేదు.

జహీరాబాద్ దాటాక మాకొక ఎర్రమట్టి మైదానం ఉంది. అక్కడ పాత ట్యాంకుకు ఒళ్ళు తొడిగాం. డ్రోన్లలో బాంబుకు బదులు సుద్దపొడి పెట్టాం. పడినచోట తెల్లటి మచ్చ పడుతుంది. మొదటి పరీక్షలో ఇరవై డ్రోన్లు పంపితే పధ్నాలుగు మచ్చలు పడ్డాయి. నా తర్వాతి స్థానంలో పనిచేసే నజీమా ఆ మచ్చలన్నీ లెక్కపెట్టి నోట్సు రాసుకుంటుంటే, వంశీ నా దగ్గరికొచ్చి, మొదట్లో నాకూ ఇంతేనన్నయ్యా, ఏడాది పట్టింది అని ఓదార్చాడు. వాడి డ్రోను గెలిచినందుకు కాదు, వాడు ఓదార్చినందుకు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ నెల ఆదివారం భోజనాలయ్యాక ఎప్పటిలాగే క్యారమ్స్ వేశాం. వంశీతో ఆడటం నాకిష్టం ఉండదు, ఎందుకంటే గెలవను. అందుకని వాడు కొడుతున్నంతసేపూ వాడి వేలినే చూస్తుంటాను. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. వాడికో అలవాటుంది. స్ట్రైకరు కొట్టే ముందు వేలిని వెంట్రుకవాసి వెనక్కి లాగి, ఒక్క లిప్త ఆగి, అప్పుడు కొడతాడు. వాడికే తెలియదు.

ఆ రోజు వాడు రెడ్డు కొట్టబోతూ వేలు వెనక్కి లాగగానే నా చెవిలో మైదానం చప్పుడు వినపడింది. డ్రోను దూకబోయే ముందు మోటారు గొంతు ఒక్కసారి తగ్గేది. వాడి డ్రోన్లను ఇప్పుడు మనుషులు నడపరు, వాటి మెదడే నడుపుతుంది. కానీ ఆ మెదడుకు మొదటి పాఠాలు చెప్పింది వాడే, షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఏడాదిపాటు తన చేత్తో నడిపి నేర్పాడు. వాడు చేసిన ప్రతి డ్రోనులోనూ వాడి వేలు ఉంది. దూకే ముందు వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతుంది.

రెడ్డు పడింది. జీవితంలో మొదటిసారి నేను మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను.

తర్వాత చెయ్యాల్సింది సులువే. ఆ గొంతు తగ్గడాన్ని వినమని ఒంటికి నేర్పాను. మిగతా పాఠాలన్నీ పక్కనపెట్టి అదొక్కటే నూరిపోశాను. మూడు వారాల తర్వాత రెండో పరీక్ష జరిగింది. పెద్దాఫీసర్లు గొడుగుల కింద కూర్చున్నారు. నలభై డ్రోన్లు వచ్చాయి. నలభైటినీ ఒళ్ళు గాల్లోనే చితక్కొట్టింది. ట్యాంకు మీద ఒక్క సుద్ద మచ్చ లేదు. నేను ట్యాంకు వైపు చూడలేదు, వంశీ మొహం వైపు చూశాను. వాడు కళ్ళు చిన్నవి చేసి ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడనుకుని ఎంత సంతోషించానో చెప్పలేను.

తిరిగొచ్చే జీపులో నజీమా అడిగింది. "సర్, వేరే ఎవరిచేతనైనా నడిపించి చూద్దామా? ఇవన్నీ ఒక్క మనిషి దగ్గర నేర్చుకున్నవి."

అక్కర్లేదన్నాను. ఆమె అదే మాట కాగితం మీద రాసిచ్చింది. దాని అంచున "అవసరం లేదు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

తర్వాతి ఆదివారం వెండి గ్లాసు తిరిగొచ్చింది. అత్తగారు నాకు రెండోసారి గుత్తివంకాయ వడ్డించి, నా కొడుకు ఒంటిమీద మీరు చొక్కా తొడిగారు అల్లుడుగారూ అని కళ్ళు తుడుచుకున్నారు. మొదటి విడత పలకలు బుజ్జి దళానికే వెళ్ళాయి మరి. వంశీ తల వంచుకుని తింటున్నాడు. నాకు ఆ వంకాయ కంటే ఆ వంచిన తలే రుచిగా ఉంది. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయకపోతే ఈ కథకు అర్థం లేదు.

పలకలతో పాటు ఒక ఉత్తర్వు కూడా సరిహద్దుకు వెళ్ళింది. అప్పటిదాకా డ్రోన్లకు అడ్డంగా జవాన్లు ట్యాంకు పైన ఇనప కడ్డీలతో పంజరం వెల్డింగు చేసుకునేవారు. అది బరువు, చూపుకు అడ్డం, ఫిరంగి తిప్పడానికి ఇబ్బంది. ఒళ్ళు వచ్చింది కాబట్టి పంజరాలు తీసెయ్యవచ్చని ఉత్తర్వు సారాంశం. దానికి ఆధారం నా నలభైకి నలభై.

నజీమా ఊరుకునే మనిషి కాదు. నెల తిరక్కుండా ఒక గురువారం పొద్దున, వంశీ షెడ్డు నుంచి మెదడు లేని డ్రోన్లు పది తెప్పించి, తనే రిమోటు పట్టుకుని నడిపింది. ఆమెకు డ్రోను నడపడం కొత్త. ఒకటి చెట్టుకు తగిలింది, ఒకటి దారి తప్పి పొలంలో పడింది. మిగతా ఎనిమిదీ తిన్నగా వెళ్ళి ట్యాంకు మీద పడ్డాయి. ఒళ్ళు ఉలకలేదు, పలకలేదు. వెనక్కి తగ్గే వేలు కోసం అది చెవులు రిక్కించుకుని అలాగే కూర్చుంది. ఎనిమిది తెల్ల మచ్చలు, అందులో ఒకటి సరిగ్గా పైమూత మీద.

మధ్యాహ్నానికి నజీమా రిపోర్టు నా బల్ల మీద ఉంది. వెంటనే పంపాలి సర్ అంది. నేను మళ్ళీ ఒకసారి లెక్కలు చూడాలన్నాను. లెక్కలేం లేవు, ఎనిమిది మచ్చలే. అసలు సంగతేమిటంటే ఆ ఆదివారం అత్తగారింట్లో నాకు సన్మానంలాంటిది పెట్టుకున్నారు. చుట్టాలను పిలిచారు, శాలువా కొన్నారు. వంశీ కూడా వస్తాడు. ఆ ఒక్క పూట గడవనిచ్చి సోమవారం పంపుదామనుకున్నాను. నాలుగు రోజుల్లో ఏమవుతుంది అనుకున్నాను. రిపోర్టును సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆదివారం శాలువా నా భుజం మీద ఉండగానే బుజ్జి ఫోను చేశాడు. అత్తగారు అందరికీ వినపడేలా స్పీకరు పెట్టారు. వాడి గొంతు గట్టిగా ఉంది, ఒక చెవి వినపడటం లేదట, అందుకని అరుస్తున్నాడు. శనివారం సాయంత్రం వాళ్ళ మీదికి డ్రోన్లు గుంపుగా వచ్చాయి. పలకలు ఒక్కటీ పేలలేదు. వాడి ట్యాంకు మీద పదకొండు పడ్డాయి. ముందు వైపు పడినవాటిని ఉక్కు తట్టుకుంది, పైన పడినవాటిని పంజరం ఆపింది. లోపలున్న ముగ్గురూ బతికారు.

"పంజరం తీసెయ్యమన్నారుగదరా," అన్నారు అత్తగారు.

"తియ్యలేదమ్మా. బోల్టులు తుప్పట్టినియ్యని చెప్పి తప్పించుకున్నా. చిన్న బావ ఫోన్ చేసి చెప్పాడు, ఎవరేమన్నా నువ్వు మటుకు పంజరం తియ్యొద్దు, ఎవరికీ చెప్పొద్దు అని." ఈసారి అరవలేదు. "పక్క ట్యాంకువాళ్ళు తీసేశారమ్మా. మా సింహాచలం లేడూ, వాడి కుడిచెయ్యి పోయింది."

అందరూ వంశీ వైపు చూశారు. నేను కూడా చూశాను. చెబుతున్నాను వినండి, ఆ క్షణంలో కూడా నా మనసులో మొదట వచ్చింది భయం కాదు, బాధ కాదు. ఇందులోనూ వీడే గెలిచాడా అన్నది మొదట వచ్చింది. సింహాచలం చెయ్యి ఆ తర్వాత గుర్తొచ్చింది.

శాలువా కుర్చీ మీద పడేసి మేడ మీదికి వెళ్ళాను. వంశీ నా వెనకే వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. నీకెప్పుడు తెలుసు అని అడిగాను. రెండో పరీక్షలో పదో డ్రోను పోయేసరికి తెలిసిందన్నాడు. ఒళ్ళు డ్రోనును వినడం లేదు, తన చేతిని వింటోందని అర్థమైందట. అంటే ఆ రోజు మైదానంలో వాడు కళ్ళు చిన్నవి చేసి వింటున్నది అదన్నమాట.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు పెద్దవారన్నయ్యా. అంతమంది ఆఫీసర్ల ముందు మీ తప్పు ఎలా చెబుతానండీ?"

"చాటుగా చెప్పొచ్చుగా."

"కుళ్ళుతో అంటున్నానని అనుకుంటారేమో అనుకున్నాను."

సరిగ్గా అలాగే అనుకునేవాణ్ణి. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"బుజ్జికి చెప్పావుగా. పక్క ట్యాంకులో ఉన్నవాడు ఎవరింటి బుజ్జిరా?"

వంశీ పిట్టగోడ మీద చేతులు పెట్టి తల వంచుకున్నాడు. పోయిన నెల ఆ తల చూసి ఎంత మురిసిపోయానో గుర్తొచ్చింది. వాడు మర్యాద కోసం నోరు మూసుకున్నాడు, నేను శాలువా కోసం సొరుగు మూశాను. మధ్యలో మూడోవాడి చెయ్యి పోయింది.

సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నమే ప్రయోగశాలకు పోయి సొరుగు తెరిచి, వంశీని వెంటబెట్టుకుని మా డైరెక్టరు ఇంటికి వెళ్ళి రిపోర్టు ఇచ్చాను, అది ఎప్పటినుంచి సొరుగులో ఉందో కూడా చెప్పాను. సాయంత్రానికల్లా పంజరాలు మళ్ళీ బిగించమని ఉత్తర్వు వెళ్ళింది. నా మీద విచారణ వేశారు. ఒళ్ళు పని నజీమా చేతికి వెళ్ళింది, నన్ను ఆమె కింద ఉంచారు. ఇంకెక్కడికైనా పొమ్మంటారనుకున్నాను, ఉంచమని అడిగింది నజీమాయేనట.

సింహాచలం పుణేలో సైనికాసుపత్రిలో ఉంటే వెళ్ళాను. శ్రీకాకుళం వైపు మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని జరిగినదంతా చెప్పాను, క్యారమ్స్‌తో సహా. అతను అడ్డు రాకుండా విన్నాడు. చివర్న ఒక్కటే అడిగాడు.

"అది పని సెయ్యదని మీకెప్పుడు తెలిసింది బాబూ?"

"గురువారం."

"మాకు తగిలింది సెనివారం," అన్నాడు. తిట్టలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నజీమా ఒంటికి మొదటినుంచీ మళ్ళీ పాఠాలు పెట్టింది. ఈసారి ఒక్క చెయ్యి కాదు, నాలుగు వందల చేతులు కావాలంది. ప్రతి మనిషీ తనకు తోచినట్టు నడపాలి, ఎవరూ ఎవరికీ నేర్పకూడదు. వంశీ తన డ్రోన్ల మెదళ్ళు తీసేసి ఉత్త డ్రోన్లు ఇచ్చాడు. మా గుమస్తాలు నడిపారు, క్యాంటీను వంటవాళ్ళు నడిపారు, బస్సు డ్రైవర్లు నడిపారు. అత్తగారు రిమోటును అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకుని ట్యాంకు ఇంజను జాలీ మీద సుద్ద పోశారు. కొడుకు గుర్తొచ్చాడేమో, వెంటనే రిమోటు కింద పెట్టేశారు. ఎనిమిది నెలలు పట్టింది. ఒళ్ళు నెమ్మదిగా చెవులు తెరిచింది.

ఆఖరి పరీక్షకు సింహాచలాన్ని పిలవమన్నది నేనే. వస్తాడనుకోలేదు, వచ్చాడు. అప్పటికే మూడు వందల తొంభైతొమ్మిది మంది చేతులు అయ్యాయి, నూటికి తొంభై దాకా ఒళ్ళు ఆపుతోంది. పంజరాలు ఇక తీసెయ్యవచ్చా అని పైవాళ్ళు మళ్ళీ ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. వంశీ సింహాచలం మెడకు పట్టీ తగిలించి, రిమోటు ఒంటిచేత్తో నడపడానికి వీలుగా బిగించి ఇచ్చాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వారు. నాతో అతను ఇప్పటిదాకా నవ్వలేదు. చూశారా, అదింకా పోలేదు. సింహాచలం నవ్వు కూడా వాడికే దక్కిందని కడుపులో చురుక్కుమంది. పోతుందని ఎదురుచూడటం మానేశాను. అది ఉందని తెలిసి జాగ్రత్తగా పనిచేసుకోవడమే నాకిక మిగిలింది.

"ఈ సెయ్యికింకా ఏటీ రాదు బాబూ," అన్నాడు సింహాచలం ఎడంచెయ్యి చూపించి. "ఇప్పుడిప్పుడే నేర్సుకుంతంది."

డ్రోను లేచింది. తిన్నగా పోదు, ఆగదు, ఒక పక్కకు ఒరిగి వణుకుతూ మళ్ళీ సర్దుకుంటుంది. రాని చెయ్యి ఎలా రాస్తుందో అలా ఎగిరింది. ఒళ్ళు ఒకసారి ముందే పేలింది, ఒకసారి పేలనే లేదు. పది పంపాడు. పదీ ట్యాంకు మీదే పడ్డాయి. పాత ట్యాంకు వీపంతా తెల్లగా అయింది. అందరం అక్కడే నిలబడిపోయాం. సింహాచలం తన ఎడంచెయ్యి వైపు ఒకసారి చూసుకుని రిమోటు వంశీకి ఇచ్చేశాడు.

జీపు ముందుభాగం మీదే కాగితం పెట్టుకుని నేను రిపోర్టు రాశాను. ఒళ్ళు ఎన్ని చేతులు నేర్చుకున్నా నేర్చుకోని చెయ్యి ఒకటి మిగులుతుందనీ, పంజరాలు తియ్యకూడదనీ, మిగతాది ఉక్కే కాయాలనీ రాసి సంతకం పెట్టాను. నజీమా చదివి, తనూ సంతకం చేసింది. రేపు సెలవు, ఆ తర్వాత శని, ఆదివారాలు, సోమవారం పొద్దున్నే పంపుదామా సర్ అని అడిగింది.

ఆ రోజు గురువారం. నేను జీపు తాళాలు తీసుకున్నాను. సింహాచలం వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఇద్దరం వెళ్ళి సాయంత్రం ఆరింటికి ఆఫీసు మూసేలోపు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని వచ్చాం.